స్కోరు తగ్గిన పట్టిక, ఒక పీహెచ్‌డీ ఆలోచన

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది చిత్తూరు జిల్లా. చెన్నైలో సైకాలజీ ఎమ్మే చేసి, మూడేళ్లుగా ఇక్కడే ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. ప్రభుత్వ బడుల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు జీవన నైపుణ్యాల కార్యక్రమం నడుపుతాం. దాని ఫలితాలు కొలిచే పని నాది. జులైలో ఒకసారి, మార్చిలో ఒకసారి పిల్లల చేత ప్రశ్నావళి నింపించాం. ఆత్మవిశ్వాసం స్కోరు పెరిగింది. కోపాన్ని అదుపు చేసుకోవడం మీద స్కోరు మాత్రం తగ్గింది. ఆ పట్టిక రిపోర్టులో వద్దని మా మేనేజర్ గారు అంటున్నారు, నిధులిచ్చేవాళ్లు వెనకడుగు వేస్తారట. నాకు ఈ పని చాలా ఇష్టం. ఇలా కార్యక్రమాల ఫలితాలు తేల్చే ప్రోగ్రామ్ ఎవాల్యుయేషన్‌లోనే పీహెచ్‌డీ చేసి యూనివర్సిటీలో చేరాలని ఉంది. మా ప్రొఫెసర్ ‘అది సైకాలజీ కాదమ్మా, ఎకనామిక్స్ వాళ్ల పని’ అన్నారు. నాన్నగారు వ్యవసాయ శాఖలో చేసి రిటైరయ్యారు. ‘సైకాలజీ చదివితే ఆసుపత్రిలో కూర్చుని మనుషుల్ని చూస్తావనుకున్నాం, ఈ లెక్కలేంటి?’ అంటారు. నాకిప్పుడు 27. ఈ దారిలో బతుకుదెరువు ఉందా? – ఓ పాఠకురాలు, అడయార్, చెన్నై

సమాధానం: దారి ఉందమ్మా, బతుకుదెరువూ ఉంది. ఆ వివరాలకు వస్తాను. ముందు ఆ పట్టిక సంగతి చూద్దాం. దాన్ని మీరు మధ్యలో ఒక చిక్కుగా చెప్పి దాటిపోయారు గానీ, మీరు వెళ్లాలనుకుంటున్న వృత్తిలో రోజూ ఏం చేస్తారో చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకదు.

కోపాన్ని అదుపు చేసుకునే స్కోరు ఎందుకు తగ్గి ఉంటుంది? నాకు మూడు కారణాలు తోస్తున్నాయి. మొదటిది మార్చి నెల. వార్షిక పరీక్షలు నెత్తిమీదికి వస్తాయి, ఇంట్లో ‘వచ్చే ఏడాది టెన్త్’ అనే పాట మొదలవుతుంది, చెన్నైలో ఉక్కపోత సరేసరి. ఆ నెలలో ఏ బడికి వెళ్లి అడిగినా పిల్లలు జులైలో కన్నా చిరాగ్గా ఉండే అవకాశం ఎక్కువ. మీ కార్యక్రమం నడవని బడుల్లో కూడా అదే ప్రశ్నావళి నింపించి ఉంటే, అక్కడెంత తగ్గిందో చూసి ఇక్కడి తగ్గుదలకు అర్థం చెప్పగలిగేవారు. అలాంటి పోలిక బడులు ఉన్నట్టు మీ ఉత్తరంలో లేదు.

రెండో కారణం సైకాలజీ చదివినవాళ్లకు ముందుగా తట్టాల్సింది. జులైలో ఆ పిల్లాడు తన కోపం గురించి ఎన్నడూ ఆలోచించి ఉండడు. ‘నా కోపాన్ని అదుపులో పెట్టుకోగలను’ అనే వాక్యం కనబడగానే అయిదుకు అయిదు పెట్టేస్తాడు. తర్వాత ఎనిమిది నెలలు మీరు వాడికి కోపం ఎప్పుడొస్తుందో, వచ్చినప్పుడు గొంతు, చేతులు ఏమవుతాయో గమనించడం నేర్పారు. మార్చిలో వాడు నిజాయితీగా ఆలోచించి మూడు పెడతాడు. పిల్లాడు మెరుగయ్యాడు, స్కోరు పడిపోయింది. దీన్ని రెస్పాన్స్ షిఫ్ట్ అంటారు. అమెరికన్ సైకాలజిస్టు జార్జ్ హోవార్డ్, ఆయన సహచరులు 1979 ప్రాంతంలో దీని మీద వరుసగా పరిశోధనలు చేశారు. వాళ్లు చెప్పిన ఉపాయం చిన్నదే. కార్యక్రమం అయిపోయాక రెండు జవాబులు అడగాలి: ఇప్పుడు ఎలా ఉన్నావు, ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే అప్పట్లో ఎలా ఉండేవాడివనిపిస్తోంది. ఈ ఉపాయానికీ ఒక బలహీనత ఉంది. ఇన్నాళ్లు కష్టపడ్డాం కదా, బాగుపడ్డామనే చెప్పాలి అనిపిస్తుంది మనిషికి. కాబట్టి దీని ఒక్కదాని మీదే ఆధారపడకూడదు. తరగతిలో గొడవలు ఎన్నయ్యాయో టీచరు రాసుకున్న పుస్తకం, ఒక చిన్న సన్నివేశం చెప్పి ‘నువ్వైతే ఏం చేస్తావు?’ అని అడిగిన జవాబులు, ఇలా వేరే వైపుల నుంచి కూడా చూడాలి.

మూడో కారణం వినడానికి కష్టంగా ఉంటుంది. మీ కార్యక్రమం నిజంగానే పిల్లలకు కొంత చేటు చేసి ఉండొచ్చు. మంచి మనసుతో చేసినంత మాత్రాన మేలే జరగాలని లేదు. 1939లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ యూత్ స్టడీ అనే ప్రయోగం మొదలైంది. 506 మంది మగపిల్లల్ని ఈడుజోడు చూసి జతలుగా చేశారు. నాణెం ఎగరేసి ప్రతి జతలో ఒకరికి మాత్రం కౌన్సెలర్లు, ట్యూషన్లు, వైద్యసాయం, వేసవి శిబిరాలు ఏర్పాటు చేశారు. సగటున అయిదేళ్లు ఇచ్చారు. జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత వాళ్లందరి వివరాలు వెతికి పట్టుకుని 1978లో ఫలితాలు ప్రచురించారు. సాయం అందినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఆ కార్యక్రమం తమకు ఉపయోగపడిందనే చెప్పారు. కానీ జతలోని రెండోవాళ్లతో పోల్చి చూస్తే తాగుడు, మానసిక వ్యాధులు, మళ్లీ నేరం చేయడం, త్వరగా చనిపోవడం వంటి ఎన్నో విషయాల్లో సాయం పొందినవాళ్ల పరిస్థితే అధ్వానంగా ఉంది. పోల్చడానికి ఆ రెండోవాళ్లు లేకపోయి ఉంటే, దాన్ని ఈపాటికి గొప్ప విజయంగా చెప్పుకునేవాళ్లం.

మీ మేనేజర్ గారి అనుమానమంతా తగ్గిన పట్టిక మీదే ఉంది. పెరిగిన పట్టిక మీదా అంతే అనుమానం ఉండాలి. ‘నేను చేయగలను’ అని తరగతిలో పిల్లల చేత అనిపించి, చివర్లో ‘నేను చేయగలనని నాకు నమ్మకం ఉంది’ అనే వాక్యం ముందు పెడితే టిక్కు పెట్టక ఏం చేస్తారు? మనం నేర్పిన పాఠం మనకే అప్పజెప్పారు, అంతే. ఒకవేళ మీ కార్యక్రమానికి ‘బాగా వెనకబడ్డ’ పిల్లల్ని టీచర్లు ఎంపిక చేసి పంపి ఉంటే ఇంకో చిక్కు. మరీ కిందున్న స్కోర్లు రెండోసారి కొలిచేసరికి వాటంతటవే కొంత పైకొస్తాయి.

దీనికి పాత ఉదాహరణ ఒకటుంది, నా విద్యార్థులందరికీ ముందుగా ఇదే చెబుతాను. 1955లో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో రోడ్డు ప్రమాదాల్లో 324 మంది చనిపోయారు. గవర్నర్ అబ్రహాం రిబికాఫ్ అతివేగంగా నడిపేవాళ్ల లైసెన్సులు సస్పెండ్ చేయిస్తూ గట్టి చర్యలు తీసుకున్నారు. మరుసటి ఏడాది మరణాలు 284కు తగ్గాయి. 40 ప్రాణాలు కాపాడామని ప్రకటించారు. డొనాల్డ్ క్యాంప్‌బెల్, లారెన్స్ రాస్ అనే ఇద్దరు ఆ ఒక్క ఏడాదినే చూడకుండా అంతకుముందు, ఆ తర్వాత సంవత్సరాల లెక్కలు, పొరుగు రాష్ట్రాల లెక్కలు తెచ్చి పక్కన పెట్టి 1968లో విశ్లేషణ రాశారు. అసలు 1955వ సంవత్సరమే మామూలు కన్నా బాగా చెడ్డ సంవత్సరం. అలాంటి ఏడాది తర్వాత ఎవరేం చేసినా చేయకపోయినా సంఖ్య కొంత దిగే అవకాశమే ఎక్కువ. గవర్నర్ చర్యలు మొదలైందీ ఆ సంఖ్య చూసి కంగారుపడ్డాకే కదా.

ఇక మేనేజర్ గారి దగ్గరికి ‘మీరు దాచిపెడుతున్నారు’ అంటూ వెళ్లకండి. అలా వెళితే మాట అక్కడే తెగిపోతుంది. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి, కింద అరపేజీ రాయండి. తగ్గడానికి ఉండగల కారణాలు ఇవి, వచ్చే ఏడాది ఏది నిజమో ఇలా తేలుస్తాం అని. తేల్చడానికి మార్గం కూడా చౌకగానే ఉంది. వచ్చే జూన్‌లో మీరు కొత్తగా చేర్చుకోవాలనుకుంటున్న బడుల పేర్లు చీటీల మీద రాసి, హెడ్మాస్టర్ల ముందే తీయండి. సగం బడులకు ఆ ఏడాది, మిగతా సగానికి మరుసటి ఏడాది. ఎవరికీ అన్యాయం జరగదు, మీకు పోలిక దొరుకుతుంది. నిధులిచ్చే సంస్థల్లో చదివేవాళ్లు అన్నీ పెరిగిన రిపోర్టులు బోలెడు చూసి ఉంటారు. తగ్గినదాన్ని చెప్పి, కారణం వెతుకుతున్నామని రాసిన రిపోర్టుకు విలువిచ్చేవాళ్లు వాళ్లలోనూ ఉన్నారు, నేను చూశాను.

అయినా తీసేయమన్నారనుకోండి. రేపే రాజీనామా చేయమని నేను చెప్పను, జీతం మీద ఆధారపడ్డ మనిషికి అలా చెప్పడం తేలిక కాదు. మీ అరపేజీని ఈమెయిల్‌లో పంపి ఉంచండి, రిపోర్టు మీద రచయితగా మీ పేరు వద్దని మర్యాదగా చెప్పండి. పిల్లల వివరాలున్న ఫైళ్లు మాత్రం మీ సొంత లాప్‌టాప్‌లోకి ఎత్తుకోకండి, అవి మీవి కావు. ఇంకో చోటు వెతుక్కోవడం మొదలుపెట్టండి.

మీ ప్రొఫెసర్ గారి మాటకు వస్తాను. ఆయన్ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, మన విభాగాల్లో చాలామంది అలాగే అనుకుంటారు. కానీ పైన చెప్పిన క్యాంప్‌బెల్ సైకాలజిస్టు. బర్క్‌లీలో సైకాలజీలో డాక్టరేటు తీసుకుని, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పారు. లాటరీ వేయడం కుదరని చోట పోల్చి చూసే పద్ధతులు, అంటే మీరు ఎమ్మేలో చదువుకున్న క్వాజీ-ఎక్స్‌పరిమెంటల్ డిజైన్లు 1963లో ఆయన, విద్యా మనస్తత్వవేత్త జూలియన్ స్టాన్లీ కలిసి క్రమబద్ధం చేసినవే. ప్రభుత్వాలు తమ సంస్కరణల్ని ప్రయోగాల్లా నడిపి, ఫలితం ఏమైనా సరే ఒప్పుకోవాలని ఆయన 1969లో సైకాలజీ పత్రికలోనే వాదించారు. స్కాలర్‌షిప్ కటాఫ్‌కు కాస్త పైన వచ్చినవాళ్లనూ కాస్త కింద ఆగిపోయినవాళ్లనూ పోల్చి స్కాలర్‌షిప్ ప్రభావాన్ని తెలుసుకునే పద్ధతి ఈరోజు ఎకనామిక్స్ విభాగాల్లో మారుమోగుతోంది. అది 1960లో థిసిల్‌త్‌వెయిట్ అనే పరిశోధకుడితో కలిసి క్యాంప్‌బెల్ విద్యా మనస్తత్వశాస్త్ర పత్రికలో ప్రచురించింది. ఆ పుట్టిల్లు మనదే.

ఎకనామిక్స్ వాళ్లు దాన్ని చాలా దూరం తీసుకెళ్లారు, ఆ గౌరవం వాళ్లకు ఇవ్వాలి. 2019 నోబెల్ బెనర్జీ, డఫ్లో, క్రేమర్‌లకు వచ్చింది ఇలాంటి క్షేత్ర ప్రయోగాలకే. మీరున్న చెన్నైలోనే, పేదరిక నిర్మూలన కార్యక్రమాల్ని ఇలా పరీక్షించే జె-పాల్ సంస్థ దక్షిణాసియా విభాగం పనిచేస్తోంది. మన తెలుగు నేల మీద జరిగిన పని కూడా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో పిల్లల మార్కుల్ని బట్టి టీచర్లకు బోనస్ ఇస్తే ఏమవుతుందో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 300 బడుల్లో పరీక్షించారు. 2011లో ప్రచురించిన ఫలితాల ప్రకారం రెండేళ్లలో లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల (పిల్లల మార్కుల మధ్య మామూలుగా ఉండే తేడాను చెప్పే కొలబద్ద) మెరుగు కనిపించింది. బోనస్‌తో సంబంధం లేని సైన్స్, సోషల్‌లో కూడా పిల్లలు మెరుగయ్యారు. టీచర్ల గైర్హాజరు తగ్గలేదు. వచ్చిన రోజుల్లోనే ఎక్కువ శ్రద్ధగా, అదనపు క్లాసులు పెట్టి, ప్రాక్టీసు పరీక్షలు పెట్టి చెప్పామని టీచర్లు అన్నారు.

నాకు ఆసక్తి కలిగేది సరిగ్గా ఇక్కడే. ఆ టీచరు మనసులో ఏం మారింది? డబ్బా, గుర్తింపా, ఎవరో గమనిస్తున్నారన్న స్పృహా? బోనస్ ఆపేస్తే ఆ శ్రద్ధ నిలుస్తుందా? ‘ఎంత మారింది’ అని ఎకనామిక్స్ వాళ్లు బాగా కొలుస్తారు. కొలిచిన వస్తువు అసలు మనం అనుకున్నదేనా, మార్పు ఏ దారిన వచ్చింది అనే ప్రశ్నలు మన చదువులో మొదటి పాఠాలు. రెండో కారణంగా నేను చెప్పిన రెస్పాన్స్ షిఫ్ట్ ఎకనామిక్స్ సిలబస్‌లో సాధారణంగా కనబడదు. ఒక బృందంలో నలుగురు ఎకనామిస్టులు, ఒక సైకాలజిస్టు ఉంటే, ఆ ఒక్కరూ చేయాల్సిన పని ఇది. దీన్ని వదిలేసి వాళ్లకన్నా మంచి ఎకనామిస్టు కావాలని ప్రయత్నించకండి.

నాన్నగారికి చెప్పడం తేలిక, ఎందుకంటే ఆయన జీవితమంతా ఈ పని చూసినవారే. కొత్త విత్తనం వచ్చినప్పుడు రైతు పొలంలో ప్రదర్శన మడి వేసి, పక్కనే మామూలు విత్తనంతో ఇంకో మడి ఎందుకు వేస్తారో ఆయన్నే అడగండి. ఆ ఏడు వానలు బాగా పడి దిగుబడి పెరిగితే ఆ గొప్ప విత్తనానికి పోకూడదు కదా. మనుషుల మీద మనం చేసే లాటరీ ప్రయోగాల గణితం కూడా ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1920లలో రొనాల్డ్ ఫిషర్ మళ్ల మధ్య తీర్చిదిద్దిందే. ఆసుపత్రే కావాలంటే అక్కడా ఈ పని ఉందని చెప్పండి. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లకు ఆసుపత్రి వైద్యంతో పాటు ఊళ్లో కార్యకర్త ఇంటికొచ్చి సాయం చేస్తే లాభమా అని తమిళనాడు, గోవా, మహారాష్ట్రల్లో 282 మందితో చేసిన పరీక్ష 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. తమిళనాడు వైపు పని చెన్నైలోని స్కార్ఫ్ సంస్థ చేసింది. లాభం ఉంది, కానీ మితంగా ఉంది అని తేలింది. అలా ‘మితంగా’ అని రాయగలగడానికి ఎంత శిక్షణ కావాలో! వైద్యం చేసే క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ నమోదు తప్పనిసరి. ఎవాల్యుయేషన్ పనికి అది అక్కర్లేదు, అయితే మీరు చికిత్స చేయనూ కూడదు. ఈ తేడా ఇంట్లో స్పష్టంగా చెప్పండి.

ఇక బతుకుదెరువు. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయల ఫెలోషిప్, దానిపైన ఇంటి అద్దె భత్యం. జేఆర్‌ఎఫ్ వయోపరిమితి 30, మహిళలకు అయిదేళ్ల సడలింపు ఉంది కాబట్టి మీకు సమయం ఉంది. యూజీసీ జీతాలిచ్చే చోట అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700తో మొదలవుతుంది. ప్రైవేటు కాలేజీల్లో చాలా చోట్ల అంత ఇవ్వరు. ఒక సంగతి ముందే తెలుసుకోండి: సైకాలజీ విభాగాల ప్రకటనల్లో ‘ప్రోగ్రామ్ ఎవాల్యుయేషన్ నిపుణులు కావలెను’ అని దాదాపు కనిపించదు. మిమ్మల్ని తీసుకునేది రీసెర్చ్ మెథడ్స్, స్టాటిస్టిక్స్, సైకోమెట్రిక్స్, సోషల్ సైకాలజీ చెప్పడానికి. స్టాటిస్టిక్స్ పేపరు ఎవరికిద్దామా అని విభాగాలు వెతుక్కుంటూ ఉంటాయి. దాన్ని ప్రేమగా చెప్పగల మనిషికి ఎక్కడైనా కుర్చీ వేస్తారు.

యూనివర్సిటీ బయట కూడా ఈ పనికి చోటుంది. కేంద్రంలో ప్రోగ్రామ్ ఎవాల్యుయేషన్ ఆర్గనైజేషన్ 1952లోనే పుట్టింది, 2015లో నీతి ఆయోగ్‌లోని కొత్త కార్యాలయంలో కలిసింది. తమిళనాడు ప్రభుత్వానికి చెన్నైలో ఎవాల్యుయేషన్ అండ్ అప్లైడ్ రీసెర్చ్ శాఖ ఉంది, బెంగళూరులో కర్ణాటక ఎవాల్యుయేషన్ అథారిటీ ఉంది. పీహెచ్‌డీ చేస్తూనే ఇలాంటి చోట్ల వచ్చిన నివేదికలు తెచ్చుకుని చదవండి. ఏ ప్రశ్న అడగకుండా వదిలేశారో చూడటం అలవాటవుతుంది.

చదువులో నేను మూడింటిని పట్టుబట్టి నేర్చుకోమంటాను. కొలమానాలు పనిచేస్తున్నాయో లేదో తేల్చే సైకోమెట్రిక్స్ మొదటిది. గుంపులుగా ఉన్న డేటాను విశ్లేషించే మల్టీలెవెల్ మోడల్స్ రెండోది. ఒక బడిలో కార్యక్రమం, ఇంకో బడిలో పోలిక పెట్టి, మొత్తం 600 మంది పిల్లలున్నారు కదా అని మురిసిపోయే రిపోర్టులు వస్తుంటాయి. నిజానికి అక్కడ పోల్చింది ఒక బడిని ఇంకో బడితో. హెడ్మాస్టరు మారినా ఆ తేడా వస్తుంది. మూడోది మనుషులతో కూర్చుని మాట్లాడటం. మీకు తెలుగు, తమిళం రెండూ వచ్చు, సరిహద్దు జిల్లాల్లో ఇంటివాళ్లు ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలో వినగలరు. సాఫ్ట్‌వేర్ గురించి దిగులొద్దు, ‘ఆర్’ ఉచితంగా దొరుకుతుంది.

అంశం కావాలంటే మీ ఉత్తరంలోనే ఉంది: జీవన నైపుణ్యాల కార్యక్రమాల్లో పిల్లలు తమ గురించి తామిచ్చే మార్కుల్ని ఎంతవరకు నమ్మొచ్చు? ఇది నూటికి నూరుపాళ్లు సైకాలజీ అంశం, మీ ప్రొఫెసర్ కూడా కాదనలేరు. ఇంకోటి ఫోన్‌లో మానసిక ఆరోగ్య సాయం అందించే ప్రభుత్వ సేవ టెలి మానస్. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ 14416 సేవకు బెంగళూరు నిమ్హాన్స్ ప్రధాన కేంద్రం. ఎన్ని కాల్స్ వచ్చాయో లెక్క దొరుకుతుంది. ఫోన్ పెట్టేశాక ఆ మనిషికి ఏమైంది, ఫోన్ చేయని మనిషికి ఏమైంది అన్నవాటిని గౌరవంగా, వాళ్ల గోప్యత చెడకుండా ఎలా తెలుసుకోవాలో ఆలోచిస్తే ఒక పీహెచ్‌డీకి సరిపోయేంత పని ఉంది.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆయన లేదా ఆమె ఎన్ని ప్రాజెక్టులు చేశారని అడగడం కన్నా, ఒక ప్రాజెక్టు ఒప్పందం చూపించమని అడగండి. ఫలితం ఎలా వచ్చినా ప్రచురించే హక్కు పరిశోధకులకు ఉంటుందని అందులో రాసి ఉందా? ఏం కొలుస్తారో, ఎలా విశ్లేషిస్తారో డేటా రాకముందే రాసి పెట్టారా? ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి ఎలా తీసుకున్నారు? ఇవన్నీ ఉన్న గైడ్ దగ్గర జీతం కాస్త తక్కువైనా చేరండి. ఆ ప్రచురణ హక్కు లేని ప్రాజెక్టులో ఫెలోషిప్ ఎంత పెద్దదైనా, అయిదేళ్ల తర్వాత మీ చేతిలో థీసిస్ ఉంటుందో ఉండదో ఎవరో నిర్ణయిస్తారు. నెట్ దరఖాస్తు వచ్చే విడతకే పెట్టండి. ఈలోగా చెన్నైలో ముగ్గురు గైడ్‌లనైనా కలిసి, ఈ నాలుగు ప్రశ్నలూ అడిగి, వాళ్లేమన్నారో నాకు రాయండి.